పడవ దింపుటకు ముందు



సముద్రముమీదికి చిన్న పడవలో పోదలచిన వానికి ఒడ్డున నిలిచియుండగా మొట్టమొదట తోచు ప్రశ్న, ఈ నీటిలో పడవ దింపవచ్చునా అన్నది. అంతకంటె ముఖ్యముగ తనను తాను అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: సాయంకాలమునకు ఈ పడవను తిరిగి ఈ ఇసుకమీదికి లాగగలమా? రెండు ప్రశ్నలకును ఒకటే సమాధానము వచ్చు దినములు సంవత్సరములో అనేకములు కలవు. అట్టి దినములలో ఎవరు పోయినను క్షేమముగనే వత్తురు. కాని ఉదయమున నీరు అద్దమువలె మెరయుచు పిలుచుచుండగా, మధ్యాహ్నమునకు అదే నీరు దారి మూయు దినములుకూడ కలవు. అట్టి దినమును ఒడ్డుననే గుర్తించుట ఎట్లన్నదే ఈనాటి నా ప్రసంగవిషయము. నేను చెప్పబోవునది తెడ్డుతోనో, చిన్న తెరచాపతోనో, కొద్దిపాటి శక్తిగల మరతోనో నడచుచు, తీరము కనుచూపు దాటకుండ ఒక రేవునుండి మరియొక రేవునకు పోవు పడవలను గూర్చి మాత్రమే. వారముల తరబడి నడిసముద్రమున నుండి వచ్చు పెద్ద మరపడవల లెక్కలు వేరు.

అన్నిటికన్న ముందు చూడవలసినది మాసము. మన ఆంధ్రతీరము నైరుతినుండి ఈశాన్యమునకు ఏటవాలుగ సాగియున్నది. ఈ తీరమును ఒరసికొని బంగాళాఖాతములో ప్రవహించు నీరు సంవత్సరములో రెండు పర్యాయములు తన దిక్కును మార్చుకొనును. ఫిబ్రవరి మొదలు మే వరకు అది ఈశాన్యముగ, అనగా కాకినాడనుండి విశాఖపట్టణమువైపు, విశాఖనుండి కళింగపట్టణమువైపు పోవును. మార్చి, ఏప్రిలు నెలలలో దాని వడి హెచ్చుగ నుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు అది వెనుకకు మరలి నైరుతిదిశగ దిగివచ్చును. నడుమనున్న నైరుతి ఋతుపవనకాలమున దానికి నిలుకడ లేదు; ఒకచోట ఒక తీరుగను, మరియొకచోట మరియొక తీరుగను ఉండును. ఉద్ధృతముగ నున్నప్పుడు ఈ ప్రవాహము గంటకు రెండు నాటికల్ మైళ్లవరకు పోగలదు. పెద్ద ఓడకు ఇది లెక్కలోనిది కాదు. తెడ్డు వేయువానికి ఇదే సర్వస్వము.

ఒక ఉదాహరణము చెప్పెదను. భీమునిపట్టణమునుండి విశాఖపట్టణమునకు సముద్రమార్గమున సుమారు 25 కిలోమీటర్లు. నిలుకడ నీటిలో గంటకు 5 కిలోమీటర్లు పోగల పడవకు ఈ దారి అయిదు గంటల పని. మార్చి నెలలో గంటకు ఒక నాటికల్ మైలు వడిగల నీరు ఎదురు వచ్చుచున్నదనుకొందము: అదే దారికి ఎనిమిది గంటలు పట్టును. ఆ వడి రెండు మైళ్లయినచో పందొమ్మిది గంటలు పట్టును. అనగా మనుష్యుడు చేయదగిన పని కాదు. అదే నెలలో విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవువాడు మైలు వడినే వెంట తీసికొని మూడు గంటల నలుబది నిమిషములలో చేరును. అదియునుగాక మార్చి మొదలు మే వరకు తీరమువెంట వీచు గాలికూడ నైరుతిగాలియే కనుక నీరును గాలియు ఒక్క దిక్కునకే తోయును. కావున వేసవిలో ఈ తీరమున విహారమునకు పోవువారు ఈశాన్యముగ పోయి, పడవను అక్కడనే లాగి, తాము రోడ్డుమీద ఇంటికి వచ్చుట నా దృష్టిలో వివేకము. పోయిన దారినే మరలి రావలెనన్న పట్టుదల కలవారు మొదటి సగము ఎదురునీటిలో పోయి, అలసిన తరువాతి సగము నీటి సాయముతో వచ్చునట్లు ఏర్పాటు చేసికొనవలెను. ఇందుకు విరుద్ధముగ, బలమున్నప్పుడు సాయమును వాడుకొని బలముడిగిన తరువాత ఎదురీదుట ఎంతటివానికిని తగదు.

ఈ విషయములు జాలరులు తరతరములుగ ఎరిగినవే అయినను వీనిని శాస్త్రమర్యాదతో పరిశీలించిన ఘనత ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు కలదు. 1950 ప్రాంతముల అమెరికానుండి వచ్చిన సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వాల్తేరున అధ్యాపకుడుగ నుండి, ఇచ్చటి విద్యార్థులతో కలిసి ఈ తీరపు కెరటములను, ఇసుక మార్పులను, నీటి చలనములను పరీక్షించెను. వేసవిలో తీరమువెంట నైరుతిగాలి వీచునప్పుడు పైనీరు ఒడ్డునుండి దూరముగ తొలగిపోయి అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చుటను గూర్చియు వారు వ్రాసిరి. మార్చి, ఏప్రిలు నెలలలో ఎండ మండుచుండగా కాలికి తగిలిన నీరు వింతగ చల్లగ నున్నచో, గాలి కొన్ని దినములుగ తీరమువెంట విడువక వీచుచున్నదనియు, పైనీరు లోపలికి జరుగుచున్నదనియు ఊహింపవచ్చును. ఒడ్డున నిలిచిన వానికి ఇంత చౌకగ దొరకు సాక్ష్యము మరియొకటి లేదు.

అయితే మాసమునుబట్టి తెలిసినది సామాన్యధర్మము మాత్రమే. కొండకొమ్ము సముద్రములోనికి చొచ్చుకొని వచ్చినచోట దాని చాటున నీరు వెనుకకు తిరుగుట కలదు. బయట ఈశాన్యముగ పోవు నీరు లోపలి వంపులో నైరుతిగ పాకుట కలదు. కావున ఆనాటి నీటిని ఆనాడే చూడవలెను. లంగరు వేసిన పడవ గాలి లేనివేళ ఎటు ముఖము పెట్టియున్నదో చూచినచో నీరు ఆ దిక్కునుండి వచ్చుచున్నదని తెలియును. వలల బెండ్లు ఎటు లాగబడి వంగియున్నవో చూడవలెను. ఏమియు లేనిచోట కొబ్బరి డొక్కను నీటిలో విసరి, ఒడ్డువెంట దానితో సమముగ నడచి, ఎన్ని నిమిషములకు ఎన్ని అడుగులు పోయినదో లెక్కించినచో చాలును. డొక్క చాలవరకు మునిగియుండుటచేత గాలికి లొంగక నీటినే అనుసరించును. మన నడకకు అది తోడువచ్చుచున్న దినమున ఎదురుగ పోవు ఆలోచన మానవలెను.

ఇక గాలి. సముద్రతీరమున నివసించువారందరును ఎరిగినదే: రాత్రి భూమి చల్లబడుటచేత తెల్లవారుజామున గాలి నేలమీదినుండి నీటిమీదికి వీచును, ఎండ యెక్కి నేల వేడెక్కిన తరువాత, వేసవిలో సాధారణముగ పది పదకొండు గంటలకు, సముద్రపుగాలి మొదలై అపరాహ్ణమున బలము పుంజుకొని సంధ్యవేళకు తగ్గును. తెరచాపల కాలములో జాలరులు ఈ క్రమమునే తమ దినచర్యగ చేసికొని, నేలగాలితో చీకటిలో పోయి సముద్రపుగాలితో పగటివేళ వచ్చుచుండిరి. దీనిలో కొత్తవారిని మోసగించు విశేషము ఒకటి కలదు. దానిని కొంచెము విపులముగ చెప్పవలెను. గాలి నేలమీదినుండి వీచునప్పుడు ఒడ్డున నీరు మిక్కిలి ప్రశాంతముగ కనిపించును. అల లేవవలెనన్న గాలికి పరుగెత్తుటకు నీటిమీద కొంత దూరము కావలెను. ఒడ్డుదగ్గర ఆ దూరము లేదు, లోపలికి పోయినకొలది అది పెరుగును, అలయు పెరుగును. కొండలును సరుగుడుతోటలును ఒడ్డున గాలిని అడ్డుకొనును. ఆ చాటు దాటిన పిమ్మట గాలి పూర్తిబలముతో వీపున తగులును. పడవ తేలికగ పోవుచుండుటచేత అందున్నవారికి ఆనందమే కాని ఆలోచన కలుగదు. వెనుదిరిగిన క్షణమున గాలియు అలయు ఒక్కమారుగ ముఖమునకు ఎదురగును. గాలివేగము రెండింతలైనచో దాని ఒత్తిడి నాలుగింతలగునన్న సంగతికూడ అప్పుడే చేతులకు తెలియవచ్చును. కావున తీరమునుండి బయటికి తోయు గాలిని, ఒడ్డుకు తోయు గాలికంటె ఎక్కువ శంకతో చూడవలెను.

భీమునిపట్టణమున ఒక వేసవి ఉదయమున, నీరు కదలక మెదలక యుండగా పడవ నీటిలోనికి దింపకుండ వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధజాలరిని, "ఏమి తాతా, ఇంత మంచి పొద్దున ఒడ్డున కూర్చుంటివి?" అని అడిగితిని. ఆయన తల యెత్తకుండ, "నీరు ఉత్తరానికి లాగతంది బాబూ, మద్దేనం గాలెత్తిందంటే మరి రాలేం" అని చెప్పి తన పనిలో పడెను. నీరెటు పోవుచున్నది, గాలి ఎప్పుడు లేచును, తిరుగుప్రయాణమున తన చేతిబలము చాలునా అన్న మూడు విచారములును ఆ ఒక్క మాటలో కలవు.

గాలిబలమును కొలుచుటకు యంత్రము లేనివారు నీటినే చూడవలెను. బ్రిటిషు నావికాధికారి బోఫర్టు 1805లో కూర్చిన కొలమానము నేటికిని ఇందుకు పనికివచ్చుచున్నది. అచ్చటచ్చట ఒకటి రెండు అలల తలలు మాత్రము తెల్లబారుచున్నచో గాలి గంటకు ఏడునుండి పది నాటికల్ మైళ్లు. నేర్పరులకు ఇది ఫరవాలేదు. ఎటుచూచినను తెల్లని నురుగుతలలు తరచుగ లేచుచున్నచో పదకొండునుండి పదునారు. తెడ్డుపడవ ఒడ్డున ఉండవలసిన గాలి ఇది. చూచునప్పుడు ఒడ్డుదగ్గరి నీటిని కాక, ఎత్తైన తిన్నెమీదనుండి దిగంతపు గీతను చూడవలెను. ఆ గీత నున్నగ నున్నచో మంచిది. రంపపుపళ్లవలె కదలుచున్నచో, మనకు కనిపింపని పెద్ద అలలు అచ్చట నడచుచున్నవని అర్థము.

పోటుపాట్ల లెక్కకు మన పంచాంగముకంటె సులభమైన సాధనము లేదు. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటునకును పోటునకును నడుమ పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషములు. తిథికి రెండు ఘడియల చొప్పున పోటువేళ వెనుకకు జరుగును. కావున అమావాస్యనాడు మన రేవులో పోటు ఏ వేళకు నిండినదో ఒక్కమారు గుర్తించి వ్రాసికొన్నవాడు, అటుపిమ్మట ఏ తిథినాడయినను సుమారుగ లెక్క కట్టుకొనవచ్చును. అమావాస్య, పూర్ణిమల తరువాత ఒకటి రెండు దినములకు పోటు మిక్కిలి పొంగును. విశాఖపట్టణమున అప్పటి హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి ప్రాంతమున అది అందులో సగముకంటెను తక్కువ. నీరు ఎక్కుటయు దిగుటయు ఆద్యంతము ఒకే వేగముతో జరుగదు: ఆరు గంటల పాటులో మొదటి గంటయు చివరి గంటయు మందముగ నుండి, నడిమి రెండు గంటలలోనే నీటిలో సగభాగము దిగిపోవును. వడి హెచ్చుగ నుండునది ఆ నడిమి గంటలలోనే.

బయటి సముద్రమున ఈ పోటుపాట్లవలన మన తీరమున పెద్ద చిక్కులేదు. చిక్కంతయు నదుల మొగలయందు. అంతర్వేదివద్ద వశిష్ఠ, హంసలదీవివద్ద కృష్ణ, కళింగపట్టణమువద్ద వంశధార, భీమునిపట్టణమువద్ద గోస్తని, ఇవి సముద్రములో కలియుచోట్ల నీటిక్రింద ఇసుకమెరకలు ఏర్పడి ఏటేట స్థానము మార్చుకొనుచుండును. పాటు దిగునప్పుడు నదినీరును పోటునీరును కలిసి ఇరుకైన మొగనుండి బయటికి దూకుచుండగా, సముద్రపు అల దానికి ఎదురుగ వచ్చును. అల ప్రవాహమునకు ఎదురైనప్పుడు దాని పొడవు కుదించుకొని ఎత్తు పెరుగును; పెరిగి, మెరకమీద నిలువుగ లేచి విరుగును. నదిలోనుండి చూచువానికి అలల వీపులే కనిపించుటచేత ఈ విరుగుడు నిజమైన ఎత్తులో కనబడదు. ప్రవాహము పడవను దానిలోనికి చేర్చిన పిమ్మట వెనుకకు తిప్పుట సాధ్యము కాదు. మొగ దాటవలసిన వేళ పోటు చివరి ఘడియలు. అప్పుడు మెరకమీద నీరు లోతుగ నుండును, వడియు చల్లారును. తిరిగి వచ్చునప్పుడును అదే నియమము. ఆ వేళకు అందుకొనలేనివారు మొగబయట లంగరు వేసి వేచియుండవలెనే కాని, చీకటి పడుచున్నదని పాటులో చొరబడరాదు. గోదావరి మొగలలో పుట్టి పెరిగినవారు సైతము వరదలకాలము గడచిన తరువాత మెరకలను కొత్తగ వెదకికొని గాని దాటరు.

కాకినాడ అఖాతము వేరొక విధమైనది. హోప్ దీవి అను పొడవైన ఇసుకనాలుక తూర్పున అడ్డుగ నుండుటచేత లోపల అలలు తక్కువ. కాని నీరు పలుచన. పాటువేళ కోరంగి మడఅడవుల కాలువలు ఎండి, పడవ బురదలో కూరుకొనును. అక్కడ ప్రాణభయముకంటె ఎండలో ఆరు గంటలు దాహముతో కూర్చుండు భయము హెచ్చు. కడవెడు మంచినీరు లేనిదే పోరాదు.

కెరటములను చూచుటలో కొత్తవారు చేయు పొరపాటు తొందర. పెద్దకెరటములు గుంపులుగ వచ్చును. రెండు గుంపుల నడుమ నీరు సద్దుమణిగి అయిదారు నిమిషములు ఉండవచ్చును. ఆ విరామమును మాత్రమే చూచి పడవ దింపినవాడు విరుగుడు చేరుసరికి గుంపు వచ్చును. పావుగంటకు తక్కువ కాకుండ నిలిచి చూచి, అందులో అన్నిటికన్న పెద్దదానిని లెక్కలోనికి తీసికొనవలెను. కెరటము తన ఎత్తునకు సుమారు ఒకటింబావు లోతుగల చోట విరుగును. కావున విరుగుచోటు ఒడ్డునుండి దూరముగ జరిగినదన్న కెరటము పెద్దదైనదని గ్రహింపవలెను. పూర్వము బందరు, మదరాసు రేవులలో ఈ విరుగుడు దాటుటకై ఇనుపమేకులు లేకుండ పలకలను కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవలు వాడుచుండిరి. అవి దెబ్బకు పగులక సాగుచుండెడివి. నేటి ఫైబరు పడవలకు ఆ గుణము లేదు.

కెరటమునకును కెరటమునకును నడుమ ఎన్ని సెకనులో లెక్కించుటకూడ అవసరము. దగ్గరి గాలి లేపిన అలలు అయిదారు సెకనులకు ఒకటి వచ్చును. గాలి లేని దినమున పన్నెండు సెకనులకో, అంతకు మించియో ఒక్కొక్కటిగ నున్నని పెద్దకెరటములు వచ్చుచున్నచో అవి బహుదూరమునుండి వచ్చినవి. అట్టి కెరటములు దినమునకు సుమారు 800 కిలోమీటర్లు ప్రయాణము చేయును. తుఫానులు సాధారణముగ అందులో సగమైనను నడువవు. కావున తుఫానుకంటె ముందు దాని కెరటము వచ్చును. హిందూ మహాసముద్రపు దక్షిణాంతమున పుట్టిన కెరటములుకూడ కొన్ని దినములు నడచి మన ఒడ్డున విరుగును. ఆకాశము నిర్మలముగనే యున్నను, కారణము తెలియని పెద్దకెరటము వచ్చిన దినమున కారణము తెలియువరకు ఒడ్డున నుండవలెను.

వాయుభారమాపకము ఉన్నవారు, నేడు కొన్ని చేతిఫోనులలోను అది ఉన్నది, దానిని సరిగ చూచుట నేర్చుకొనవలెను. మన ప్రాంతమున వాయుభారము ప్రతిదినము పగలును రాత్రియు పది గంటలకు హెచ్చి, నాలుగు గంటలకు తగ్గుచుండును. కావున మధ్యాహ్నము తగ్గినందుకు భయపడనక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటినుండి పదింటివరకు పెరుగవలసినది పెరుగక పడిపోయినచో తుఫానును శంకింపవలెను. ఆ కాలమున ఉండవలసిన భారముకంటె మూడు మిల్లీబార్లు తగ్గినచో అనుమానము. అయిదు తగ్గినచో అనుమానము కాదు, నిశ్చయము. గాలికి ఎదురుగ నిలిచినచో అల్పపీడనకేంద్రము మన కుడిచేతివైపున నుండును. డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో చెప్పిన ఈ నియమము ఉత్తరార్ధగోళమున నిత్యసత్యము. ఏప్రిలు, మే నెలలలో పడమటి కొండలవైపు మధ్యాహ్నము మేఘము నల్లగ దట్టించి చల్లని గాలి ఒక్కసారి తగిలినచో, ఈదురుగాలి రానున్నదని తెలిసికొని ఆ క్షణమే ఒడ్డు చేరవలెను. అది నేలమీదినుండి వచ్చునది కనుక పడవను బయటికే తోయును.

తుఫానుల విషయమున మాత్రము మన కన్నులను, మన అనుభవమును నమ్ముకొనరాదు. 1839 నవంబరులో కోరంగిరేవును ఉప్పెన నాశనము చేసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరున ముప్పదివేలమంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. 1996 నవంబరు 6న కోనసీమతీరమును కొట్టిన తుఫానున వేటకు పోయిన జాలరులు అనేకులు మరలి రాలేదు. నవంబరు నవంబరునకు ఇట్లు పేరు వచ్చిన సముద్రమున, అక్టోబరు, నవంబరు, మే నెలలలో వాతావరణశాఖవారి ప్రకటన వినకుండ పడవ దింపుట నాకు క్షమింపరానిదిగ తోచుచున్నది. రేవులలో ఎగురవేయు సూచికలను గూర్చియు ఒక మాట. ఒకటవ నంబరు దూరమున సముద్రములో వాయుగుండమున్నదని తెలుపును. మూడవ నంబరు ఆ రేవునకే ఈదురుగాలులు తగులవచ్చునని తెలుపును. పెద్ద ఓడవానికి ఇవి జాగ్రత్తసూచనలు. చిన్నపడవవానికి ఒకటవ నంబరే ఆఖరుమాట. హైదరాబాదునందలి జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రమువారు అలల ఎత్తును, దూరపుకెరటముల రాకను, ప్రవాహములను ముందుగ ప్రకటించుచున్నారు. వానిని చూచి, పిమ్మట ఒడ్డున నిలిచి స్వయముగ చూచి, పిమ్మట ఆ రేవు జాలరులను అడుగవలెను. ఈ మూడు సాక్ష్యములలో ఏ ఒక్కటి ప్రతికూలముగ నున్నను ప్రయాణము మానవలెను; రెండు అనుకూలమైనవి కదా యని పోరాదు.

బయలుదేరిన పిమ్మటకూడ విచారణ ముగియదు. తీరమున ముందొకటి వెనుకొకటిగ నున్న రెండు గుర్తులను, ఒక గుడిశిఖరమును దాని వెనుకనున్న కొండకొనను, ఒకే వరుసలో పట్టి చూచుచుండవలెను. తెడ్డు ఆపినప్పుడు ఆ రెండును విడిపోవుచున్నచో, ఎంత త్వరగ విడిపోవుచున్నవో అంత వడిగ నీరు మనలను ప్రక్కకు మోయుచున్నది. విశాఖతీరమున డాల్ఫిన్ నోసు, సింహాచలపు కొండలు ఇందుకు చక్కగ అమరియున్నవి. గోదావరి, కృష్ణా తీరములు చదునైనవి. పడవలో కూర్చుండినవాని కంటికి నీటిగీత మూడున్నర కిలోమీటర్లకే ముగియును కనుక, ఇసుకయొడ్డు త్వరలోనే మరుగై సరుగుడుచెట్ల తలలు మాత్రము మిగులును. అక్కడ తీరమునకు దగ్గరగ పోవుటే మేలు.

కడపట ఒక మనవి. మీరు ఎంతమంది పోవుచున్నారో, ఏ రేవునకు పోవుచున్నారో, ఏ వేళకు వచ్చెదరో, ఒడ్డున ఒకరికి కాగితముమీద వ్రాసి యిచ్చి పొండు. ప్రతివారును తేలుడు చొక్కాను పడవలో పెట్టుకొనుట కాదు, ఒంటికి తొడుగుకొనుడు. చెప్పిన వేళకు మీరు రానిచో ఆ కాగితము పట్టుకొన్నవారు చేయవలసిన పని, భారత తీరరక్షకదళమువారి 1554 అను నంబరునకు వెంటనే ఫోను చేయుట. ఆ నంబరును ఆ కాగితముమీదనే వ్రాసి యిండు.